రేకు గొట్టంలో రెండో బ్రష్షు

ధర్మవరంలో ఏసీ గొట్టాల్లో బూజు తీసే ఆడమనిషి అరుణజ్యోతి ఒక్కతే. తాను కడిగిన గొట్టానికి మళ్ళీ బూజు పట్టదని ఆమె ధీమా. పద్మావతమ్మ ఇంట్లో పట్టుచీరలు అమ్మే మేడగదికి బూజు వాసన పట్టింది. బేరాలు ముగిసి, చీకటి పడ్డాక అరుణజ్యోతినే పిలిపించారు.

అరుణజ్యోతి నిచ్చెనెక్కి, ముందు నీళ్ళు పోయే పైపులో అడ్డు తీసింది. లోపల తడి నిలిస్తే బూజు మళ్ళీ వస్తుంది. తర్వాత ముక్కుకు గుడ్డ కట్టుకుని, రేకు గొట్టంలోకి తల దూర్చి, బ్రష్షుతో రుద్దసాగింది.

చెయ్యి నొప్పి పుట్టి ఆగింది. రుద్దుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు. అది గొట్టం అవతలి కొస నుంచి వస్తోంది.

"అమ్మా, ఆ పక్క ఇంకెవరినన్నా పెట్టినారా?"

"ఆ పక్క గోడే కదమ్మా ఉండాది," అంది కింద నిచ్చెన పట్టుకున్న పద్మావతమ్మ.

అరుణజ్యోతి టార్చి వేసి చూసింది. ఎవరూ లేరు. ఆమె చెయ్యి ఇంకా తగలని అవతలి సగం తళతళలాడుతోంది. అతుకుల సందుల్లో కూడా మచ్చ లేదు. పదేళ్ళలో తాను ఏనాడూ అంత శుభ్రంగా తీయలేదు.

చప్పుడు పద్మావతమ్మకూ వినపడింది.

"దిగొచ్చెయ్ జ్యోతీ, రేపు చూద్దాంలే."

"సగం పని ఇడిసిపెట్టి నేను యాడా దిగిందాన్ని కాదమ్మా. నిచ్చెన గట్టిగా పట్టుకోండి."

మళ్ళీ బ్రష్షు అందుకుని, ఒక్కో అతుకూ రెండుసార్లు రుద్దింది. అవతలి చప్పుడు జోరందుకుని దగ్గరైంది. మధ్యలో మిగిలిన నల్లటి పట్టీ మూరెడైంది, తర్వాత జానెడైంది.

దాన్ని తానే తుడవాలని అరుణజ్యోతి చెయ్యి చాచింది.