డ్రమ్ము లేని దీపం

రిజర్వాయరులో మునిగిన బండ పక్కన తేలుతూ పడవలకు లోతైన దారి చూపే ఎర్ర దీపపు డ్రమ్మును, బ్యాటరీ మార్చడానికి కాపలాదారు సైఫుల్లా ఒడ్డుకు లాగాడు. పని తెమలకముందే చీకటి పడింది. డ్రమ్ము, దాని దీపం ఆరిపోయి, అతని కాళ్ల దగ్గరే ఉంది. నీళ్ల మీద మాత్రం ఎర్ర దీపం వెలుగుతోంది, సరిగ్గా బండ ఉన్నచోట.

ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"సార్, దీపం తప్పుచోట వెలుగుతాండాది."

"వెలుగుతాంటే కంప్లైంట్ ఏందప్పా? ఆరిపోతే చెప్పు." అవతల ఫోన్ పెట్టేశారు.

చేపలకు పోయిన తమ్ముడు ఖాసిం పుట్టిలో తిరిగొస్తున్నాడు. దీపం చూసుకుని నేరుగా రమ్మని అతనికి నేర్పింది సైఫుల్లానే.

"దీపం కాడికి రావొద్దురా ఖాసిం," అని గొంతు చించుకుని అరిచాడు.

చీకట్లోంచి నవ్వు వినిపించింది.

"నీళ్ల మీద దీపం కాడ నువ్వే నిలబడుకొని కనపడతాండావు, రావొద్దంటావేందన్నా? వస్తాండా ఉండు."

తెడ్డు చప్పుడు బండ వైపు సాగింది.