బీరువా తలుపు వెనక

"తాతయ్యా, పొద్దున్న కొలిచిన ముప్పై రెండు మంది పిల్లల కొలతలూ పోయాయి!" అంది మనవరాలు. మా కుట్టు దుకాణంలో కంప్యూటర్ పని తనదే. సోమవారానికల్లా బడి యూనిఫారాలు ఇవ్వాలి.

"ఎలా పోయాయే తల్లీ?"

"నేనలా బయటికెళ్ళి వచ్చేసరికి కంప్యూటర్ ఆగిపోయి ఉంది. అది కొలతల్ని ముందు జర్నల్ అనే చిత్తు ఫైల్లో రాసుకుని, తర్వాత అసలు చోటికి ఎక్కిస్తుంది. మధ్యలో ఆగేసరికి ఆ చిత్తు ఫైలే పాడైంది."

"చిత్తు నా దగ్గరా ఉంది. తిట్టనని మాటిస్తే చూపిస్తా."

"ఇవాళ దేనికీ తిట్టను, చూపించు!"

బీరువా తలుపు తెరిచాను. గోడ మీద రాయనని తనే నాతో ఒట్టు వేయించుకుంది. అందుకని తలుపు లోపలివైపు సుద్దతో రాసుకున్నాను. ముప్పై రెండు వరసలూ ఉన్నాయి.

"నువ్వు బంగారం తాతయ్యా!" అని నా మెడ చుట్టూ చేతులు వేసింది. అంతలోనే వెనక్కి జరిగింది.

"అవునూ, కరెంటు పోలేదుగా. మరి కంప్యూటర్ ఎలా ఆగింది?"

దుకాణంలో ఉన్నది ఒకటే ప్లగ్గు. తను దాని వంక చూసింది. పక్కనున్న ఇస్త్రీ పెట్టెను తాకి చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత మడత నలగని నా చొక్కా వంక చూసింది.

"దేనికీ తిట్టనన్నావు కదే," అన్నాను.