బాతుకి ఉప్పెవరు చూస్తారు?

ఈ ఏడు రంజాన్ ఉపవాసాలూ ఈస్టర్ ఉపవాసాలూ ఒకేసారి వచ్చిపడ్డాయి. అయినా కైరోలో దెమియానా తన ముస్లిం స్నేహితులకు ఇఫ్తార్ విందు ఇస్తానని నోరు జారింది. ఏం వండాలో తేల్చడానికి వాళ్లలో షాహినాజ్ పొద్దున్నే దిగింది.

"గోధుమ నూక కూరి బాతు వండవే."

"వండుతా. ఉప్పు నువ్వు చూడు. ఈస్టర్ దాకా నేను మాంసం ముట్టకూడదు," అంది దెమియానా.

"పొద్దుగూకేదాకా నేను మంచినీళ్లే ముట్టకూడదు!"

"నాలిక్కి తగిలించి ఉమ్మేస్తే తప్పులేదంటారుగా?"

"అన్నవాళ్లు నీ చేతి బాతు తినలేదు. నోట్లో పడ్డాక ఉమ్ముతానా?"

"అయితే చిక్కుడు గింజలు ఉడకేస్తా. వాటికి ఉప్పు నేనే చూస్తా."

"రోజూ బండి దగ్గర తినేదానికి మీ ఇంటిదాకా రావాలా?"

చివరికి బాతే ఖాయమైంది. ఉప్పు భారం పైవాడి మీద వేశారు. మధ్యాహ్నం వంతులేసుకుని ఒకరు కునుకు తీస్తే, ఇంకొకరు పొయ్యి కనిపెట్టుకుని ఉన్నారు.

సాయంత్రం అజాన్ వినపడింది. విందుకొచ్చిన స్నేహితుల్లో ఒకతను మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"అబ్బ! ఉప్పు ఎంత సరిగ్గా పడిందో!"

ఎవరూ ఏమీ అడగలేదు.

"నేను రుచి చూడలేదు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.