పదకొండో అంతస్తు కిటికీ

"మనం నిద్రలో ఉండగా దీనికి మంటలంటుకుంటే?"

సింగపూర్‌లోని ఓ వాషింగ్ మిషన్ల షాపులో అడుగు పెడుతూనే సియూ పెంగ్ నోట వచ్చిన మొదటి మాట అది.

ఎదురుగా రెండు మిషన్లున్నాయి. ఒకటి ఉతుకుతుంది. రెండోది ఉతికి, ఆరబెట్టి మరీ ఇస్తుంది.

"దానికింకా ప్లగ్గు కూడా పెట్టలేదమ్మా," అంది పదిహేనేళ్ల కూతురు హుయి షిన్. "నువ్వప్పుడే ఫైరింజన్ని పిలిచేశావు."

"నవ్వు, నవ్వు. మొన్న ఎదురు బ్లాకులో వంటగది మొత్తం బూడిదైంది. వాళ్లూ ఇలాగే నవ్వుంటారు."

"అది స్కూటర్ బ్యాటరీ వల్లమ్మా!"

"వేడెక్కేది ఏదైనా ఒకటే."

సేల్స్‌మన్ గొంతు సవరించుకున్నాడు.

"ఆంటీ, ఉన్నదున్నట్టు చెప్తా. రెండూ కలిసిన దాంట్లో ఉతికినవన్నీ ఒకేసారి ఆరవు. సగం తీసి రెండు విడతలుగా వెయ్యాలి. టైమూ ఎక్కువే, కరెంటూ ఎక్కువే. కానీ వానలప్పుడు సుఖం."

"నా యూనిఫాం చెమ్మ వాసనకి క్లాసులో పక్కన ఎవరూ కూర్చోవట్లేదు," అంది హుయి షిన్.

"ఇదే తీసుకోండి మేడం."

ఆ గొంతు పక్కనుంచి వచ్చింది.

నలభై అయిదు దాటిన మనిషి. తలకు గుడ్డ, భుజాన సంచి. ఆదివారం సెలవు దొరికి బయట తిరిగే ఇండోనేషియాలోని జావా నుంచి వచ్చిన పనిమనుషుల్లో ఒకతె. ఆరబెట్టే మిషన్ మీద చెయ్యి వేసి నిలబడింది.

"మీదెన్నో అంతస్తు మేడం?"

"నీకెందుకు?"

"పదకొండు," అనేసింది హుయి షిన్.

సియూ పెంగ్ కూతురి జబ్బ గిల్లింది. ఎక్కడుంటామో దారినపోయే వాళ్లందరికీ చెప్పుకుంటారా?

"అంత ఎత్తున కిటికీ బయటికి పొడుగాటి గడలు పెట్టి బట్టలు ఆరెయ్యడం కష్టం మేడం. తడి బట్టలు బరువు. గడ మనిషిని ముందుకి లాగేస్తుంది."

"ఆ పని మేం చెయ్యం. పనమ్మాయుంది."

"ఆ అమ్మాయికి కళ్లు తిరిగితే?"

"తిరిగితే చెప్పదూ? నోరు లేదూ?"

ఆమె ఏదో అనబోయి ఆగింది.

"బతిమాలుకుంటున్నా మేడం. ఇదే తీసుకోండి."

సియూ పెంగ్‌కు అంతా అర్థమైపోయింది.

"కమీషనెంత ఇస్తారేం నీకు?"

"మా మనిషి కాదాంటీ," సేల్స్‌మన్ చేతులు ఊపాడు. "పొద్దున షట్టరు తీసినప్పట్నుంచీ ఇక్కడే ఉంది. పొమ్మన్నా పోదు."

"అయితే కారణం ఇంకోటి. పార్కుల్లో చేరి ఒకళ్లకొకళ్లు బద్ధకం నేర్పుకుంటారు. అందుకే మా లస్త్రికి ఆదివారం సెలవే ఇవ్వను. వెళ్తే ఎవడి వెంట పడుతుందో, ఏ కడుపుతో తిరిగొస్తుందో."

ఆమె మిషన్ మీది చెయ్యి తీసేసింది.

సేల్స్‌మన్ ఆమెను గుమ్మం దాకా నడిపించి వచ్చాడు.

సియూ పెంగ్ ఒట్టి ఉతికే మిషనే కొంది.

కొత్త మిషన్ బాగానే ఉతికింది. అయినా రోజూ పడుకోబోయే ముందు దాని ప్లగ్గు పీకి, వెనక అరచెయ్యి ఆనించి చూసుకునేది. కూతుర్ని వంటగది కిటికీ దరిదాపులకు రానిచ్చేది కాదు.

"కాలు జారితే?" అనేది.

గడలు లస్త్రి పెట్టేది. లస్త్రే తీసేది.

"అమ్మా, గడ పెట్టేటప్పుడు లస్త్రక్క కళ్లు మూసుకుంటోంది," అంది ఒకసారి హుయి షిన్.

"ఎండ కొడుతుంటుంది."

సింగపూర్‌లో వాన చెప్పి రాదు. ఓ మంగళవారం మధ్యాహ్నం ఒక్కసారిగా కమ్ముకుంది.

"లస్త్రీ! దుప్పట్లు తడిసిపోతున్నాయి! తొందరగా!" హాల్లోంచి కేకేసింది సియూ పెంగ్.

కిటికీ గ్రిల్లు తీసిన చప్పుడైంది.

గడ గోడకు కొట్టుకున్న చప్పుడైంది.

ఆ తర్వాతి చప్పుడు కిందినుంచి వచ్చింది.

లస్త్రికి ఇరవై నాలుగేళ్లు.

పోలీసులు వచ్చారు, వెళ్లారు. ఆమె సామాను సర్దిపెట్టమనీ, ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్తారనీ ఆమెను పనికి పంపిన ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేశారు.

సియూ పెంగ్ సర్దిపెట్టి, గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. వచ్చేవాళ్లు తిడతారేమో. శాపాలు పెడతారేమో. ఆ శాపం తన పిల్లకు తగులుతుందేమో. హుయి షిన్‌ను గదిలోకి పంపి తలుపు వేసింది.

బెల్లు మోగింది. ఎదురుగా షాపులో కనిపించిన మనిషి.

"నువ్వా!"

ఆమె చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. లస్త్రి సంచీ అందుకుంది. కానీ వెళ్లలేదు. నేరుగా వంటగదిలోకి నడిచి, మూసిన కిటికీ ముందు నిలబడింది.

ఏజెన్సీ వాళ్లకు ఇంకెవరూ దొరకలేదా అనుకుంది సియూ పెంగ్. వెనకే వెళ్లింది.

"దానికి కళ్లు తిరుగుతాయని నీకు తెలుసు కదూ? మీలో మీరు అన్నీ చెప్పుకుంటారుగా!"

ఆమె కిటికీ గ్రిల్లు మీద చెయ్యి వేసింది.

"మిషన్ గురించి అంతసేపు వాగావే, దాని గురించి ఒక్క ముక్క అన్నావా? అనుంటే నేనా పని చేయించేదాన్నా? చెప్పు! ఎందుకు చెప్పలేదు?"

ఆమె తిరగలేదు. కింద బడి పిల్లల అరుపులు కాసేపు వినిపించి, ఆగిపోయాయి. లిఫ్టు వచ్చింది, పోయింది. హుయి షిన్ గది తలుపు తీసుకుని వచ్చి తల్లి వెనక నిలబడింది. సియూ పెంగ్ ఆమెను వెనక్కి పొమ్మనడం మరిచిపోయింది.

చాలాసేపటికి ఆ మనిషి ఇటు తిరిగింది.

"మీరు ఆ ఆదివారం ఆ షాపులో మిషన్ కొనబోతున్నారని అదే ఫోన్ చేసి చెప్పింది," అంది. "ఎత్తంటే భయమని తెలిస్తే మీరు నా కూతుర్ని పనిలోంచి తీసేస్తారేమోనని భయపడ్డాను మేడం."