చిరుతకు మేనరికం

నల్లమలను రోడ్లు ముక్కలు ముక్కలుగా కోసేశాయి. మనిషి నడపని లారీలు రాత్రీ పగలూ ఆగకుండా తిరుగుతుంటే, ఏ చిరుతా అవతలి ముక్కకు దాటలేకపోయింది. అందుకే వన్యప్రాణి కేంద్రం వాళ్లు వాటికి సంబంధాలు కుదిర్చి, మగదాన్ని బోనులో పెట్టి డ్రోన్ మీద తెచ్చేవారు. ఆ సంబంధాలు చూసే పని సుంకమ్మది.

ఈసారి కేంద్రంలోని ఒక ఆడచిరుతకు ఆమె ఏరికోరి మేనమామ కొడుకునే తెచ్చింది. తనూ మేనబావనే చేసుకుంది మరి. చిరుత పిల్లల్ని పెట్టిందని తెలియగానే, సొంత కూతురు కాన్పయినంత సంబరంగా కేంద్రానికి పరుగెత్తింది.

బోనులో మూడు కూనలున్నాయి. మూడింటి తోకలూ మెలికపడి ఉన్నాయి. ఒకటి అప్పటికే చల్లబడిపోయింది. సుంకమ్మ అక్కడే కూలబడింది.

"నా చేతులారా చేసినాను సార్! మేనరికమని మురిసిపోతిని. బయటి సంబంధం చూడాల్సింది," అని డాక్టరు ముందు తల కొట్టుకుంది.

డాక్టర్ దస్తగిరి చచ్చిన కూనను గుడ్డలో చుట్టాడు.

"నీ తప్పేం లేదు సుంకమ్మా. నేను తెలిసే ఒప్పుకున్యా. అన్ని ముక్కలూ వెతికినా దానికి మిగిలిన దూరపు చుట్టం వాడొక్కడే. తక్కినోళ్లంతా తోడబుట్టినోళ్లే."