బిళ్ళల చోటు మారింది

జువ్వలదిన్నెలో సముద్రం మీద వేటకెళ్ళే ప్రతివాడూ తన చెక్కబిళ్ళను పాత పాక వాసానికి తగిలించి, తిరిగొచ్చాక తీసుకునేవాడు. ఆ పొద్దునే బిళ్ళలన్నీ సొసైటీ షెడ్డుకు మార్చారు. చదువు రానివాళ్ళకు ఆ సంగతి చెప్పీ చెప్పీ సొసైటీ గుమాస్తా ముత్యాలయ్య గొంతు బొంగురుపోయింది.

రాత్రికి అందరూ ఒడ్డు చేరారు. షెడ్డు గోడ మేకుకు ఒక్క బిళ్ళే మిగిలింది. నిరుడు తుఫానులో పోయిన పోలయ్యది. దాన్ని తీసేస్తామంటే అతని భార్య కామమ్మ ఒప్పుకోలేదు.

ముత్యాలయ్య లాంతరు వెలుగులో షెడ్డు గోడమీద కొత్త చోటు సంగతి రాస్తున్నాడు. చీకట్లో పాత పాక వాసాన్ని ఎవరో తడుముతున్నారు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా. మళ్ళీ మొదటి నుంచి.

"అక్కడ లేవన్నా," అన్నాడు అలవాటుగా, తల తిప్పకుండా. "ఇక్కడికి మార్చినాం."

తడమడం ఆగింది.

ఇసుకలో తడి అడుగుల చప్పుడు ఇటు తిరిగింది. ఆ ఒక్క బిళ్ళ ముత్యాలయ్య తలకు జానెడు దూరంలో ఉంది.