కార్టూన్ ఆంటీ

నీలిమ సిడ్నీలో, పెద్దవాళ్లు చూసే ఒక కార్టూన్ సీరియల్‌కి కథలు రాస్తుంది. ఈ వారం ఎపిసోడ్ మొత్తం తనదే. నగర శివారు ఎడ్మండ్‌సన్ పార్క్‌లోని తమ ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని చూస్తోంది, టీవీని కాదు, అమ్మ ముఖాన్ని. అందులో అమ్మ తనని తాను ఎక్కడ గుర్తుపడుతుందోనని భయం.

కథలో ఒక తెలుగమ్మాయిని గ్రహాంతరవాసులు ఎత్తుకుపోతారు. బేరాలాడదామని ప్రధానమంత్రి ఆఫీసు ఎంత ప్రయత్నించినా లైను దొరకదు. ఎందుకంటే ఆ లైనులో అమ్మాయితో వాళ్లమ్మ మాట్లాడుతూనే ఉంటుంది.

"తిన్నావా? వాళ్లేం పెట్టారు? పోనీ వాళ్లు తిన్నారా? ఫోను ఒకసారి వాళ్లకియ్యి."

తెల్లారేలోపు గ్రహాంతరవాసులు చెవులు మూసుకుని అమ్మాయిని ఇంటి ముందు దించేసి పారిపోతారు.

అమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"ఆ ఆంటీ భలే ఉందే. ఎక్కడ దొరికింది మీకు?"

"ఎవరూ లేరమ్మా, ఊరికే ఊహించి రాశాను" అంది నీలిమ. నెలరోజుల బరువు దిగినట్టయింది.

మర్నాడు స్టూడియోలో అందరికీ ఆంటీ నచ్చింది. వచ్చే ఎపిసోడ్‌లోనూ ఆంటీ ఉండాలన్నారు. కాదనే ఓపిక లేక నీలిమ తలూపింది.

లంచ్ టైమ్‌లో తిన్నావా అంటూ రోజూ వచ్చే అమ్మ ఫోను ఆవేళ రాలేదు. చాలాసేపు చూసి, తనే చేసింది.

అమ్మ వాన గురించి చెప్పింది, ఆరని బట్టల గురించి చెప్పింది. "సరే మరి, నీకు పనుంటుంది" అంది.

"అమ్మా, నేనింకా తినలేదు."



"ఇది కూడా రాస్తావా?" అంది అమ్మ.